జల్లెడలో పడ్డ ఒరేయ్

మా గుంపులో "ఒరేయ్" నిషిద్ధం. "ఏరా", "పోరా", "నువ్వు", "నీకు" అన్నీ నిషిద్ధమే. ఎంత చిన్నవాడినైనా "మీరు" అనాలి, పేరు పక్కన "గారు" తగిలించాలి. ఈ నియమం పెట్టింది నేనే. పెట్టినందుకు చాలాకాలం కాలరెగరేసుకుని తిరిగాను కూడా.

గుంపంటే లిఫ్టు మెకానిక్కుల గుంపు. ఫోన్లో నడుస్తుంది. ఆరువందల పైచిలుకు మంది ఉంటాం. ఏదో ఒక మేడలో లిఫ్టు మొరాయిస్తుంది, అక్కడున్న మెకానిక్కు ఫొటో తీసి పెడతాడు, తెలిసినవాళ్ళు చెబుతారు. అంతకుమించి అక్కడ ఏమీ మాట్లాడకూడదు, ఒకరి నంబరు ఒకరికి కనపడదు కూడా. నేనూ పదిహేనేళ్ళు లిఫ్టుల మీద ఎక్కి దిగినవాణ్ణే. మోకాళ్ళు అరిగిపోయాక లిఫ్టు సామాన్ల దుకాణంలో కౌంటర్ వెనక సెటిలయ్యాను. రోలర్లూ బేరింగులూ అమ్ముతూ మధ్యమధ్యలో గుంపుని చూసుకుంటాను. "ఇంట్లో కుళాయి కారుతుంటే కనపడదు గానీ, ఊళ్ళో ఎవడు ఎవణ్ణి ఏమన్నాడో అన్నీ కావాలి ఈయనకి" అని మా ఆవిడ అంటూ ఉంటుంది. కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది.

నియమం ఊరికే పెట్టలేదు. నాలుగేళ్ళ క్రితం ఒక మెకానిక్కు గుంపులో ఒక ప్రశ్న అడిగాడు. లిఫ్టు తలుపు మూసుకుని మళ్ళీ దానంతటదే తెరుచుకుంటోంది, కారణమేంటని. నలభై జవాబులొచ్చాయి. అందులో ముప్పై తొమ్మిది "ఒరేయ్ నిన్ను పనిలో ఎవడు పెట్టుకున్నాడ్రా" లాంటివి. మిగిలిన ఒక్కటి ఆ గోలలో ఎవరికీ కనపడలేదు. అతను మారు మాట్లాడకుండా గుంపులోంచి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా నా కౌంటర్ దగ్గరికొచ్చి తలుపు మోటారు కొత్తది కొన్నాడు. వివరం అడిగి చూస్తే, మోటారు నిక్షేపంలా ఉంది. అడ్డొచ్చినదాన్ని పసిగట్టడానికి తలుపుకుండే సెన్సారు కంటి మీద దుమ్ము పేరుకుంది, అంతే. గుడ్డతో తుడిస్తే పోయేది.

"కొనేముందు ఎవరినైనా అడగొచ్చుగా తమ్ముడూ" అన్నాను.

"అడిగానుగా అన్నా" అన్నాడు.

ఆ రెండు ముక్కలు నా గుండెలో గుచ్చుకున్నాయి. ఆ సాయంత్రమే కూర్చుని నియమాలు రాశాను. అతను ఎప్పుడూ అంతే, రెండు ముక్కలకి మించి మాట్లాడడు. అందుకే అందరం మౌని అంటాం.

నియమం రాస్తే సరిపోదు, అమలు చెయ్యాలి. మా బావమరిది కంప్యూటర్ల పనిలో ఉన్నాడు. వాడొక ప్రోగ్రాం రాసి ఇచ్చాడు. నేనిచ్చిన జాబితాలోని మాట ఏ మెసేజీలో ఉన్నా అది గుంపులోకి పోకుండా నా దగ్గర ఆగుతుంది. నేను చూసి వదిలితేనే పోతుంది. దానికి జల్లెడ అని పేరు పెట్టాం. మొదట్లో మా నవ్వు అంతా ఇంతా కాదు. జాబితాలో "రా" కూడా ఉంది కదా, "కరెంటు రా వట్లేదు" అని ఎవరైనా మధ్యలో ఖాళీ వదిలి కొడితే చాలు, పాపం ఆ కరెంటు కూడా తిట్టు కింద లెక్కై జల్లెడలో పడేది. గుంపులో కొంటెవాళ్ళు ఊరుకుంటారా? "అడ్మిన్ గారూ, మా బ్రేకు గారు కాలిపోయారు, రిలే గారు పిలిచినా పలకడం లేదు, తమరే దిక్కు" అని పెట్టేవాళ్ళు. నేనూ నవ్వి వదిలేసేవాణ్ణి. ఎందుకంటే తగువులు ఆగాయి. వెళ్ళిపోయినవాళ్ళు తిరిగొచ్చారు. మౌని కూడా వచ్చాడు. ఇద్దరు అమ్మాయిలు చేరారు, అందులో ఒకామె కంట్రోల్ బోర్డుల విషయంలో ఇవాళ మా అందరికీ పంతులమ్మ.

ఎవరూ లొంగదియ్యలేని మనిషి ఒక్కరే మిగిలారు. గ్రీజు మేస్త్రి.

నాకు పని నేర్పింది ఆయనే. తొమ్మిదేళ్ళు ఆయన వెనక సంచి మోశాను. ఆ తొమ్మిదేళ్ళలో నా పేరు ఆయన నోట ఒక్కసారి రాలేదు. ఒరేయ్, లేదా దద్దమ్మా. మా మామగారు పిల్లనివ్వడానికి ముందు, అబ్బాయి ఏం పని చేస్తాడో కళ్ళారా చూద్దామని మేం పని చేస్తున్న మేడకి వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. సరిగ్గా ఆయన లోపల అడుగుపెట్టగానే పైనుంచి కేక: "ఒరేయ్ దద్దమ్మా, నిచ్చెన పట్టుకోరా, దిక్కులు చూస్తావేం!" సంబంధం కుదిరింది గానీ ఆ మాట ఇంటిదాకా వచ్చి కూర్చుంది. ఇరవై రెండేళ్ళుగా మా ఆవిడకి నా మీద కోపమొస్తే "దద్దమ్మ గారూ" అంటుంది.

పనిలో మాత్రం మేస్త్రికి సాటి లేదు. లిఫ్టు తిరిగే నిలువు సందుని మేం షాఫ్టు అంటాం. అందులో పైన ఒకరు, కింద ఒకరు ఉండి కేకలతో పని చెయ్యాలి. ఆ కేకలు గోడలకి కొట్టుకుని గింగిరాలు తిరుగుతాయి. అందుకని మేస్త్రి మాకు మూడే మాటలు నేర్పారు: పైకి, కింద, ఆగు. "షాఫ్టులో మాట రెండక్షరాలు దాటకూడదురా. మూడోది పలికేలోపు నీ వేలు ఉండదు" అనేవారు. నా పది వేళ్ళూ ఇవాళ ఉన్నాయంటే ఆయన పుణ్యమే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా సరే, ఆయన ఒక్కసారి నన్ను "మీరు" అంటే వినాలని ఉండేది. అది చిన్నతనమో పెద్దతనమో గానీ, ఉండేది.

గుంపులో కూడా ఆయన తీరు అదే. జవాబు నూటికి నూరుపాళ్ళు కరెక్టు, ముందో తిట్టు, వెనకో తిట్టు. మూడుసార్లు చెప్పి చూశాను. నాలుగోసారి ఆయన రాసే ప్రతి మెసేజీ నా దగ్గర ఆగేలా పెట్టేశాను. అయితే ఆయన జ్ఞానం వృథా కానివ్వలేదు. ఆయన "ఒరేయ్ అడ్డగాడిదా, తాళ్ళు చూడకుండా పుల్లీ మారుస్తావేంట్రా" అని రాస్తే, నేను దాన్ని "పుల్లీ మార్చే ముందు తాళ్ళు అరిగాయేమో ఒకసారి పరిశీలించవలసిందిగా మనవి - పెద్దాయన సలహా" అని మార్చి పెట్టేవాణ్ణి. అందరూ బొటనవేళ్ళు ఎత్తేవాళ్ళు.

ఒకరోజు మేస్త్రి ఫోన్ చేశారు.

"ఏరా, నా మాటలకి ఇస్త్రీ చేస్తున్నావంట?"

"మీ మంచికే మేస్త్రిగారూ."

"చెయ్యి, చెయ్యి. మడత నలక్కుండా చూసుకో" అని పెట్టేశారు.

నిజం చెప్పాలంటే ఆ పని నాకు సరదాగా ఉండేది. తొమ్మిదేళ్ళు నన్ను దిద్దిన మనిషి వాక్యాలు నేను దిద్దుతున్నాను. కౌంటర్ మీద మోచేతులు పెట్టుకుని, ఒక్కో "రా"నీ ఏరి పారేస్తుంటే కడుపు నిండినట్టుండేది.

ఆ మంగళవారం పొద్దున పది ముప్పై ఆరుకి మౌని గుంపులో ప్రశ్న పెట్టాడు. తర్వాత ఎన్నిసార్లు చదువుకున్నానో, అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కేబిన్ ఆరో అంతస్తుకీ ఏడో అంతస్తుకీ మధ్య ఇరుక్కుంది. లోపల ఎవరూ లేరు. నేను కేబిన్ పైకప్పు మీద ఉన్నాను. మెయిన్ ఆపేశాం. పై గదిలో మా జోడీ ఉన్నాడు. బ్రేకు వదలమంటే మెల్లగా కిందికి దిగుతుందా? తెలిసినవారు చెప్పగలరు."

లిఫ్టు సంగతి తెలియనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. తాళ్ళకి ఒక కొసన కేబిన్ ఉంటుంది, రెండో కొసన ఇనప దిమ్మలుంటాయి. ఖాళీ కేబిన్ కన్నా ఆ దిమ్మలే బరువు. రెంటినీ పట్టి ఉంచేది షాఫ్టు పైన మోటారు గదిలో ఉండే బ్రేకు. ఖాళీ కేబిన్ ఉన్నప్పుడు బ్రేకు వదిలితే దిమ్మలు కిందికి జారతాయి, కేబిన్ పైకి లేస్తుంది. మౌని తలుపుల పనివాడు. పనిలో చేరిన ఐదారేళ్ళూ తలుపులూ బటన్లే చూశాడు. బ్రేకు చూసే మనిషి ఆ రోజు సెలవు పెట్టాడు. అనుమానమొచ్చింది కాబట్టే అడిగాడు. అడిగితే ఇక్కడ ఎవరూ నవ్వరని నమ్మకం కాబట్టి అడిగాడు.

పది ముప్పై ఎనిమిదికి మొదటి జవాబు. అది రాసింది కంట్రోల్ ప్యానెళ్ళు అమ్ముకునే ఒకాయన. షాఫ్టులో కాలు పెట్టిన మనిషి కాదు. మర్యాద మాత్రం పెట్టింది పేరు, అందరం ప్యానెల్ గారు అంటాం. "తప్పకుండా దిగుతుందండి మౌని గారూ. తమరి బరువు కూడా ఉంది కదండీ. మెల్లగా వదలమని చెప్పండి. శుభం." మూడు వాక్యాలకి మూడు "అండీ"లు. జల్లెడ దాన్ని తాకనైనా తాకలేదు. కింద ఆరు బొటనవేళ్ళు లేచాయి.

పది ముప్పై తొమ్మిదికి మేస్త్రి మెసేజీ నా దగ్గర ఆగింది. "ఒరేయ్ దద్దమ్మా దిగు. బ్రేకు ముట్టనివ్వకు. ఖాళీ డబ్బా పైకి లేస్తుంది రా. చస్తావు."

నేను దాన్ని పది నలభైకి చూశాను. కౌంటర్ దగ్గర ఒకతను తలుపు రోలర్ల కోసం నిలబడి ఉన్నాడు. నాకు ముందు కనపడింది "దద్దమ్మా". ఒళ్ళు మండింది. ఎన్నిసార్లు చెప్పినా ఈ మనిషి మారడు కదా అనుకున్నాను. పైకి జరిపి ప్రశ్నేమిటో చూడలేదు. అంత మర్యాదస్థుడైన మౌనిని పట్టుకుని దద్దమ్మ అంటారా అని మాత్రం అనుకున్నాను. పదిహేనేళ్ళు షాఫ్టుల్లో తిరిగిన నేను ఆ నాలుగు వాక్యాల్లో విషయం చదవలేదు, భాష చదివాను.

ఇస్త్రీ మొదలుపెట్టాను. "గౌరవనీయులైన మౌని గారికి" అని రాసి, మరీ పెళ్ళి పత్రికలా ఉందని తీసేశాను. "చస్తావు" దగ్గర చాలాసేపు ఆగాను. ప్రాణాపాయం అంటే భయపెట్టినట్టుంటుంది. ప్రమాదం అంటే చాలు. ప్రమాదం జరుగుతుంది అనాలా, జరిగే అవకాశం ఉంది అనాలా?

"అన్నా, రోలర్లు ఆరు" అన్నాడు కౌంటర్ ముందున్నతను.

"ఒక్క నిమిషం" అన్నాను.

పది నలభై రెండు. మేస్త్రి నుంచి ఇంకోటి వచ్చి ఆగింది: "ఒరేయ్". పది నలభై మూడు: "ఒరేయ్ దిగావా". నలభై నాలుగుకి నా ఫోన్ మోగింది. మేస్త్రి. తిట్టడానికే అనుకుని కట్ చేశాను. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేశాను. రోలర్లు లెక్కపెట్టి పొట్లం కట్టి ఇచ్చాను. పది నలభై ఆరుకి నా వాక్యం గుంపులో పెట్టాను. "మౌని గారూ, ఖాళీ కేబిన్ పైకి కదిలి ప్రమాదం జరిగే అవకాశం ఉన్నందున, దయచేసి తమరు ముందుగా దిగి, బ్రేకు విషయంలో తగు జాగ్రత్త వహించవలసిందిగా మనవి - పెద్దాయన సలహా." చదువుకుంటే బాగుంది. దానికి కూడా బొటనవేళ్ళు లేచాయి.

పై గదిలో జోడీ బ్రేకు వదిలింది పది నలభై నాలుగుకి.

పదకొండున్నరకి ఆ జోడీయే గుంపులో రాశాడు, మౌనికి దెబ్బ తగిలిందని, ఆస్పత్రికి తీసుకెళ్ళారని. అప్పుడు పైకి జరిపి ప్రశ్న చదివాను. మేస్త్రి మెసేజీ టైము చూశాను.

కేబిన్ ఒక్క ఊపున లేచిందట. మౌని బోర్లా పడుకున్నాడు కాబట్టి బతికాడు. ఎడమ భుజం మాత్రం పైనున్న ఇనప దూలానికీ కేబిన్ చట్రానికీ మధ్య నలిగింది. డాక్టర్లు చెయ్యి నిలబెట్టారు. కానీ అది ఇక భుజం దాటి పైకి లేవదన్నారు. లిఫ్టు మెకానిక్కుకి భుజం పైన లేని పని ఏముంటుంది?

గుంపులో సానుభూతి మొదలైంది. రెండో రోజుకి అది తీర్పుగా మారింది. ప్యానెల్ గారు తన జవాబు చప్పుడు కాకుండా తుడిచేసుకుని, "చాలా బాధాకరమండి. అంత అనుభవం ఉన్నవారు కనీస జాగ్రత్తలు తీసుకోవాల్సిందండి" అని రాశారు. మరొకరు, "మన పెద్దాయన సలహా కూడా ఆలస్యంగా వచ్చిందండి ఆ రోజు" అన్నారు. ఇంకొకరు, "వయసైపోయింది కదండీ, తట్టి ఉండదు పాపం" అన్నారు. అన్నీ మర్యాదగానే ఉన్నాయి. ఒక్కటి కూడా జల్లెడలో పడలేదు.

మేస్త్రి ఏమీ రాయలేదు. ఆయన ముప్పై తొమ్మిదికే చెప్పారన్న సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు. ఆయనకీ, నాకూ. నేను నోరు మూసుకుంటే అది అక్కడితో మూసుకుపోతుంది. మూడు రోజులు మూసుకున్నాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, మూసుకోవడం పెద్ద కష్టమేమీ కాలేదు, నిద్ర మాత్రం పట్టలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆవిడ కంచం ముందు పెట్టి, "ఏంటి దద్దమ్మ గారూ, మెతుకు ముట్టడం లేదు?" అంది. మొత్తం చెప్పేశాను. మళ్ళీ ఆ మాట అనలేదు తను. కారే కుళాయి కింద గిన్నె జరిపి, "వెళ్ళి చెప్పండి" అంది.

"ఎవరికి?"

"ముందు ఎవరి చెయ్యి పోయిందో వాళ్ళకి."

ఆస్పత్రిలో మౌని మంచం మీద ఒరిగి కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ కమలాపండు ఒలుస్తోంది. నేను ఫోన్ తీసి, ఆగిపోయిన మూడు మెసేజీలూ టైముతో సహా చూపించాను. కుడిచేత్తో ఫోన్ పట్టుకుని నిదానంగా చదివాడు.

"ముప్పై తొమ్మిదికే పంపారా?" అన్నాడు.

"పంపారు. నేనే ఆపాను. భాష బాగుచేద్దామని."

"ప్యానెల్ గారి జవాబు చూశాక కూడా నాకు ధైర్యం చాల్లేదన్నా. ఇంకెవరైనా ఏమైనా అంటారేమోనని ఆరు నిమిషాలు ఫోనే చూస్తూ కూర్చున్నా."

మౌని అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదటిసారి. వాళ్ళావిడ పండు పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. నేను తిట్టించుకోవడానికి సిద్ధపడి వెళ్ళాను, కానీ మౌనికి తిట్లు రావు.

ఆస్పత్రి మెట్ల మీదే కూర్చుని, మేస్త్రి మెసేజీలు ఉన్నవి ఉన్నట్టుగా గుంపులోకి వదిలాను. ఒరేయ్‌లతో, దద్దమ్మతో, చస్తావుతో సహా. వాటి కింద నా ఇస్త్రీ వాక్యం టైముతో పెట్టి, "ఏడు నిమిషాలు ఆపింది నేను. మౌనిదీ తప్పు కాదు, మేస్త్రిదీ తప్పు కాదు. గుంపుని ఇక ఎవరు చూసుకోవాలో మీరే తేల్చండి" అని రాశాను. గంట తర్వాత మా పంతులమ్మ రాసింది: "మీరే చూసుకోండి. కానీ జల్లెడ మార్చండి." బావమరిది మార్చాడు. ఇప్పుడు ఎవరైనా "ఆగు" అని కొడితే చాలు, ఏ అడ్డూ లేకుండా అందరి ఫోన్లూ ఒక్కసారిగా గంట మోగిస్తాయి. "ఆగండి" అంటే మోగదు. జాబితాలోంచి ఒరేయ్ కూడా తీసేయించాను.

అప్పటికి మిగిలింది మేస్త్రి ఇల్లు. జన్మంతా లిఫ్టులు నడిపిన మనిషి లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో ఉంటారు. మోకాళ్ళు పట్టుకుని ఎక్కాను. దారంతా ఆయన ఏమంటారో నాలో నేనే అనుకుంటూ ఎక్కాను. ఒరేయ్ ఇస్త్రీపెట్టె అంటారు. దద్దమ్మా, తొమ్మిదేళ్ళు నేర్పింది ఇదేనట్రా అంటారు. చెంప మీద ఒకటి ఇచ్చినా తప్పులేదు. అసలు ఇస్తే బాగుండనిపించింది.

తలుపు తీసి ఆయన నన్ను చూశారు.

"రండి" అన్నారు.

నా వెనక ఇంకెవరైనా వచ్చారేమోనని తిరిగి చూశాను. మెట్ల మీద ఎవరూ లేరు.

"కూర్చోండి. మంచినీళ్ళు తీసుకుంటారా?"

చెక్క కుర్చీ ఒకటి ముందుకు జరిపారు. నేను కూర్చోలేదు. "మేస్త్రిగారూ, తప్పైపోయింది. మీ ఫోన్ కూడా కట్ చేశాను. రెండుసార్లు" అన్నాను.

"అందులో ఏముందండీ. దుకాణంలో పనిలో ఉండి ఉంటారు."

"తిట్టండి మేస్త్రిగారూ."

"తిట్టడానికేముందండీ. మీ నియమం ప్రకారం మీరు చేశారు" అన్నారు. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. ఉంటే దాన్నే పట్టుకుని వేలాడేవాణ్ణి. గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చారు. మౌని ఎలా ఉన్నాడో అడిగారు. "వాడు నిలబడతాడు, మొండివాడు" అన్నారు. మౌని ఇంకా "వాడే". నేను బయల్దేరితే గుమ్మం దాకా వచ్చి, "మెట్లు జాగ్రత్తండి, రెండో అంతస్తులో ఒక మెట్టు విరిగింది" అని తలుపు వేసుకున్నారు.

ఇది జరిగి ఏడాది అవుతోంది. మౌని ఇప్పుడు మా దుకాణంలో తలుపు మోటార్ల బల్ల దగ్గర కూర్చుని రిపేర్లు చేస్తున్నాడు. మేస్త్రి గుంపులోనే ఉన్నారు. ఆయన మెసేజీలు ఆపడం నేను ఎప్పుడో మానేశాను. నిన్న ఒకతను పుల్లీ గురించి అడిగితే, ఒంటివేలితో కొట్టుకుంటూ పావుగంటకి ఆయన జవాబు పెట్టారు. "తాళ్ళు అరిగాయేమో ఒకసారి పరిశీలించవలసిందిగా మనవి." ఒకటికి పదిసార్లు చదివాను. మడత ఎక్కడా నలగలేదు.